ఐ-20లో ఆరంకెలు: డిజిటల్ మీడియా చదువు, వెబ్ డిజైన్ కొలువు

అమెరికా యూనివర్సిటీ సీటు ఖాయం చేశాక పంపే ఐ-20 పత్రంలో ఇంటిల్లిపాదీ ముందు చూసేది ఫీజుల పట్టిక. దానికి కాస్త పైన, చేరబోయే కోర్సు పేరు పక్కనే, రెండంకెలు, చుక్క, నాలుగంకెలతో ఒక కోడ్ ఉంటుంది. దాని మీద ఎవరి చూపూ ఆగదు. అక్కడ 09.0702 అని ఉంటే చదువు ముగిశాక మూడేళ్ల దాకా అక్కడే ఉద్యోగం చేసుకునే వీలుంది. 50.0409 అని ఉంటే ఏడాదే. మొదటిది డిజిటల్ కమ్యూనికేషన్, మల్టీమీడియా కోర్సుల కోడ్. రెండోది గ్రాఫిక్ డిజైన్‌ది. తరగతిలో రెండు చోట్లా డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫిగ్మా తెరిచే ఉంటుంది, అక్షరాల పరిమాణాల మీదే చర్చ నడుస్తుంది, సెమిస్టర్ చివరి ప్రాజెక్టులూ కవల పిల్లల్లా ఉండవచ్చు. అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో మాత్రం మొదటిదానికి చోటుంది, రెండోదానికి లేదు.

సీఐపీ కోడ్ అని పిలిచే దీన్ని ఎంచుకునేది యూనివర్సిటీ. అందుకే ‘డిజిటల్ మీడియా’ అనే ఒకే పేరుతో నడిచే కోర్సులకు రెండు చోట్ల రెండు కోడ్‌లు ఉండొచ్చు. కళల కాలేజీ గొడుగు కింద ఉన్న కోర్సు 50తో మొదలయ్యే వరుసలోకి, కమ్యూనికేషన్ లేదా కంప్యూటింగ్ విభాగం నడిపేది 09, 11 వరుసల్లోకి వెళ్లే అవకాశం ఎక్కువ. వెబ్ పేజీల డిజైన్‌కు నేరుగా వర్తించే 11.0801 కూడా స్టెమ్‌లోనే ఉంది. 2022 జనవరిలో ఆ జాబితాకు మరో 22 విభాగాలు కలిపినప్పుడు, మనిషి అవసరాల చుట్టూ టెక్నాలజీని రూపొందించే డిజైన్ చదువుకూ చోటు దొరికింది. కంప్యూటర్ సైన్స్ ఎంఎస్‌కు వెళ్లేవారికి ఈ బెడద లేదు, వాళ్ల కోర్సు స్టెమే. మన కన్సల్టెన్సీల అలవాట్లన్నీ వాళ్లను చూసి ఏర్పడినవి కాబట్టి డిజైన్ వైపు మళ్లిన విద్యార్థికి ఈ సంగతి చెప్పేవారు తక్కువ. దరఖాస్తు రుసుము కట్టేముందు అడ్మిషన్ల విభాగానికి మెయిల్ రాసి సీఐపీ కోడ్ ఎంతో అడగడానికి పైసా ఖర్చు లేదు.

మూడేళ్లయినా ఒక్క ముద్దగా చేతికి రావు. తొలి 12 నెలల ఓపీటీలో (చదివిన రంగంలోనే పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) అన్నీ కలిపి 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆ తర్వాత స్టెమ్ కోర్సులకిచ్చే 24 నెలల పొడిగింపు కూడా వస్తే మొత్తం లెక్క 150 రోజులు. మొదటి ఏడాది, చదువుకు సంబంధించిన పనైతే చాలు, ఫ్రీలాన్స్‌గానూ చేసుకోవచ్చు. పొడిగింపులోకి వెళ్లాక అది కుదరదు. ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో నమోదైన సంస్థ కావాలి, ఆ సంస్థ ఐ-983 అనే శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. వెబ్ డిజైన్ వృత్తి తీరు తెలిసినవారికి ఇది విచిత్రంగా తోస్తుంది. ఈ పనిలో చాలామంది కాళ్లూనుకునేది వీధి చివరి పళ్ల డాక్టరుకో, తెలిసినవాళ్ల హోటలుకో సైటు చేసిపెట్టి. స్టెమ్ పొడిగింపు సరిగ్గా ఆ దారికే గేటు వేసింది.

ఆ పైన హెచ్-1బీ ఉద్యోగ వీసా. ఏటా 65 వేలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి ఇంకో 20 వేలు, అంతకు మించి దరఖాస్తులొస్తే లాటరీ. ఈ వీసాకు ‘స్పెషాలిటీ ఆక్యుపేషన్’ అనే షరతు ఉంది. ఫలానా రంగంలో కనీసం డిగ్రీ లేనిదే ఆ ఉద్యోగం చేయడం కుదరదని కంపెనీ చూపించాలి. అమెరికా కార్మిక గణాంకాల సంస్థేమో తన వృత్తుల మార్గదర్శినిలో వెబ్ డెవలపర్లకు, డిజిటల్ డిజైనర్లకు కావలసిన చదువు హైస్కూల్ డిప్లొమా నుంచి బ్యాచిలర్స్ డిగ్రీ దాకా ఉంటుందని రాసింది. అభ్యంతరం చెప్పదలచిన అధికారికి ఆ ఒక్క వాక్యం చాలు. పని దాదాపు ఒకటే అయినా ఆఫర్ లెటర్లలో ‘వెబ్ డిజైనర్’ కనుమరుగై ‘యూఎక్స్ డిజైనర్’, ‘ప్రొడక్ట్ డిజైనర్’, ‘ఫ్రంట్ ఎండ్ ఇంజనీర్’ కనబడటం వెనక కొత్త పేర్ల మోజు కొంత ఉంటే, ఈ జాగ్రత్తా కొంత ఉంది. 2025 సెప్టెంబరులో ప్రకటించిన లక్ష డాలర్ల రుసుము, అక్కడే చదివి హోదా మార్చుకునేవారికి వర్తించదని అక్టోబరులో వివరణ వచ్చాక విద్యార్థులు ఊపిరి పీల్చుకున్నారు. అంతలోనే లాటరీకి జీతం తూకం వచ్చింది. నాలుగో స్థాయి జీతానికి నాలుగు చీట్లు, మొదటి స్థాయికి ఒకటి. చదువు ముగించుకుని కొత్తగా చేరిన డిజైనర్‌ది ఏ స్థాయో చెప్పక్కర్లేదు.

ఇంతకీ ఆ చదువులో ఏముంటుంది? డిజిటల్ మీడియా అంటే వెబ్ డిజైన్‌కు పెట్టిన పెద్ద పేరు అనుకుని వెళ్లినవారికి మొదటి సెమిస్టర్‌లోనే దిమ్మ తిరుగుతుంది. న్యూయార్క్ యూనివర్సిటీలో 1979లో మొదలైన ఐటీపీ (ఇంటరాక్టివ్ టెలికమ్యూనికేషన్స్ ప్రోగ్రామ్) కోర్సు కళల కాలేజీలో ఉంటుంది కానీ అక్కడి విద్యార్థి చేతిలో సెన్సర్లు, వైర్లు, చిన్న సర్క్యూట్ బోర్డులు కనబడతాయి. అట్లాంటాలోని జార్జియా టెక్‌లో డిజిటల్ మీడియా ఎంఎస్‌ను నడిపేది సాహిత్యం, మీడియా, కమ్యూనికేషన్ల విభాగం. జర్మనీలోని బ్రెమెన్‌లో డిజిటల్ మీడియా మాస్టర్స్‌ను కంప్యూటర్ సైన్స్ వైపు నుంచి బ్రెమెన్ యూనివర్సిటీ, కళల వైపు నుంచి ఆ ఊరి కళల విశ్వవిద్యాలయం కలిసి ఇంగ్లిష్‌లో చెబుతాయి. వీటిలో ఏదీ వెబ్‌సైట్లు కట్టడం నేర్పడానికి పుట్టిన కోర్సు కాదు. వెబ్ పేజీలు రాసే భాషలైన హెచ్‌టీఎమ్‌ఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఎవరికి వారు నేర్చుకోవలసినవే అన్న ధోరణి ఇలాంటి చోట్ల సహజం. ఒక రకంగా అది నిజమే, వాటికి వీసా అక్కర్లేదు.

మరి లక్షలు పోసి వెళ్లడం దేనికి? ఇలాంటి చదువులో అన్నిటికన్నా విలువైనది ‘క్రిటీక్’ అని పిలిచే గంట. చేసిన పని గోడకు అంటించి, లేదా తెర మీద వేసి, పదిమంది ఎదుట నిలబడాలి. ఎవరో అడుగుతారు: ఈ బటన్ ఇక్కడెందుకుంది? బాగుంటుందని పెట్టాను అంటే సరిపోదు. ఎవరు నొక్కుతారు, ఏ చేత్తో నొక్కుతారు, నొక్కకపోతే ఏమవుతుంది అని ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మన బీటెక్ వైవాలో జవాబు వస్తే గట్టెక్కుతారు, రాకపోతే తల వంచుకుంటారు, ప్రశ్నకు సరైన జవాబు ఒకటే. ఇక్కడ సరైన జవాబంటూ ఉండదు, కారణం మాత్రం ఉండాలి. ఇంటర్మీడియట్ నుంచీ బిట్ పేపర్ల మీద పెరిగినవారికి ఇది మింగుడు పడటానికి సమయం పడుతుంది. ఆ తర్వాత ఉద్యోగం ఇంటర్వ్యూలో పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల సంకలనం) ముందేసుకుని కూర్చోబెట్టి అడిగేవి అక్షరాలా ఇవే ప్రశ్నలు. యూట్యూబ్ పాఠాల్లో దొరకని శిక్షణ ఇదొక్కటే అనవచ్చు.

పని తీరు కూడా చదువు కన్నా వేగంగా మారుతూ వచ్చింది. సీఎస్ఎస్ అనే ఆలోచనను హోకన్ వియుమ్ లీ 1994 అక్టోబరులో ప్రతిపాదించేదాకా పేజీని అలంకరించడానికి సరైన భాషే లేదు. ఫోన్ తెరకు తగ్గట్టు పేజీ తనంత తానే సర్దుకోవడాన్ని 2010లో ఈథన్ మార్కాట్ ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అన్నాడు. ఒకప్పుడు మల్టీమీడియా కోర్సుల్లో సగం సిలబస్‌ను ఆక్రమించిన ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో అడోబ్ మంగళం పాడింది. దాన్నే నమ్ముకుని పట్టా తీసుకున్నవారి సర్టిఫికెట్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఇప్పుడు లోకంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా రెడీమేడ్ సైటు సాధనమైన వర్డ్‌ప్రెస్ మీద నడుస్తున్నాయి. అంటే పేజీని సున్నా నుంచి కట్టే పని తగ్గిపోయింది, ఏ పేజీ ఎందుకుండాలో తేల్చే పని మిగిలింది.

అది పోర్ట్‌ఫోలియోలోనే బయటపడుతుంది. విదేశాల్లో మన విద్యార్థుల పోర్ట్‌ఫోలియోలకు ఒక జబ్బు ఉంది: ఫుడ్ డెలివరీ యాప్, మ్యూజిక్ ప్లేయర్, ధ్యానం యాప్. ప్రపంచమంతా అవే చేస్తుంది. ఎదుటివాడి దగ్గర లేనిది, తెలుగువారి దగ్గర పుట్టుకతో ఉన్నది ఒకటుంది, ఎవరూ దాన్ని బయటికి తీయరు. బస్సు టికెట్ కొనే పేజీని తెలుగులో డిజైన్ చేయడం మొదలుపెట్టి చూడాలి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయేలా వరసకూ వరసకూ మధ్య ఎత్తు అక్షరం కొలతకు 1.2 రెట్లు పెట్టి, బటన్‌కు గట్టి కొలత ఇచ్చి, అందులో ‘స్త్రీ’ అని రాస్తే పైన గుడి దీర్ఘం, కింద త వత్తు, దాని పక్కన క్రావడి: ఏదో ఒకటి కోతపడుతుంది. ‘రాష్ట్రం’ అన్నా అంతే. ఎత్తు 1.6కో 1.7కో పెంచాలి, బటన్‌కు కొలత తీసేసి లోపలి అంచులతో సరిపెట్టాలి. ‘పుణే’ను చూసి గీసిన గడిలో ‘రాజమహేంద్రవరం’ పట్టదు. మూడు చుక్కలు పెట్టి కత్తిరిస్తే ‘రాజ...’ మిగులుతుంది, అది రాజమహేంద్రవరమో రాజంపేటో తేల్చుకోలేక ప్రయాణికుడు వెనక్కి పోతాడు. ఎంచుకున్న ఫాంట్‌లో బొద్దు అక్షరాలు లేకపోతే బ్రౌజర్ తనే గీతలు లావు చేస్తుంది, అప్పుడు ‘థ’ కడుపులోని చుక్క మూసుకుపోయి ‘ధ’తో కలిసిపోతుంది. సిలికానాంధ్ర ద్వారా గూగుల్ ఫాంట్స్‌లోకి చేరిన మండలి, మల్లన్న, రామభద్ర వంటివాటిని పక్కపక్కన పెట్టి ఏది చిన్న తెర మీద నిలుస్తుందో పరీక్షించి, ఆ తప్పొప్పులన్నీ బొమ్మలతో రాసుకుంటే అది ఒక పూర్తి కేస్ స్టడీ. బ్రెమెన్‌లోనో, అట్లాంటాలోనో ఉన్న ప్రొఫెసర్ ‘థ’ను చదవలేకపోవచ్చు. చుక్క మూసుకుపోవడం మాత్రం కంటికి కనిపిస్తుంది.

ఇదంతా చదువు ముగిసేలోపే సిద్ధం కావాలి. 90 రోజుల లెక్క ఓపీటీ మొదలయ్యే తేదీ నుంచే నడుస్తుంది. పోర్ట్‌ఫోలియో మొదలుపెట్టింది ఆ రోజే అయితే సగం లెక్క దాన్ని తయారు చేసుకోవడానికే పోతుంది.

బ్రిటన్ సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. మాస్టర్స్ ఏడాదిలో అయిపోతుంది, గ్రాడ్యుయేట్ వీసాకు స్పాన్సర్ అక్కర్లేదు, దాని మీద ఫ్రీలాన్స్ కూడా చేసుకోవచ్చు. రెండేళ్ల ఆ వీసా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి 18 నెలలే. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసా కావాలంటే 2025 జులై నుంచి సాధారణ జీతం గీత ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా చదువు ముగించినవారికి 33,400. లండన్ బయట చిన్న ఏజెన్సీలో చేరే జూనియర్ డిజైనర్‌కు ఆ రెండో గీత కూడా మెడ మీదికే వస్తుంది. డిజైన్ స్టూడియోలు అక్కడ ఎక్కువగా చిన్నవి, స్పాన్సర్ లైసెన్స్ తీసుకునే ఓపిక వాటికి తక్కువ.

జర్మనీ కథ వేరు, ఈ వృత్తికి అక్కడున్న అనుకూలాలను మనవాళ్లు సరిగా పట్టించుకోవడం లేదనిపిస్తుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరప్ బయటివారు సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి. మన విద్యార్థులకు, చదువు పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి. బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపాలి. అది ఫీజు కాదు, నెలకు 992 చొప్పున విద్యార్థి చేతికే తిరిగొచ్చే సొంత సొమ్ము. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు.

అసలు విశేషం ఫ్రీలాన్సర్లకు ఉంది. వెబ్ డిజైనర్‌ను కళాకారుడిగా లెక్కించే దేశాలు ఎన్నున్నాయో కానీ జర్మనీ లెక్కిస్తుంది. కేఎస్‌కే అని పిలిచే కళాకారుల సామాజిక బీమా నిధి 1983 నుంచి ఉంది. అందులో చేరిన స్వయం ఉపాధి డిజైనర్ ఆరోగ్య బీమా, పింఛను చందాల్లో సగమే కడతాడు. మిగతా సగం ప్రభుత్వ నిధి నుంచి, డిజైనర్లకు పని ఇచ్చే కంపెనీల దగ్గర వసూలు చేసే సుంకం నుంచి వస్తుంది. ఏడాదికి కనీసం 3,900 యూరోల ఆదాయం చూపాలి, వృత్తిలోకి వచ్చిన తొలి మూడేళ్లు ఆ షరతు కూడా లేదు. డిజైన్ చేస్తున్నానని నిరూపించుకోవాలి సుమా. కేవలం కోడ్ రాస్తే సాంకేతిక పనివాడి కింద కట్టి తిరస్కరించే ప్రమాదం ఉంది. అమెరికాలో ‘ఇంజనీర్’ అనిపించుకోవడానికి తంటాలు పడే మనిషే ఇక్కడ ‘కళాకారుడు’ అనిపించుకోవడానికి కాగితాలు పోగు చేస్తాడు.

ఆ దేశంలో ఈ పనికి చట్టాల తోడు కూడా దండిగా ఉంది. 2022 జనవరి 20న మ్యూనిక్ కోర్టు ఒక సైటు యజమాని నుంచి సందర్శకుడికి 100 యూరోల పరిహారం ఇప్పించింది. తప్పేమిటంటే, గూగుల్ ఫాంట్స్‌ను నేరుగా గూగుల్ సర్వర్ నుంచి రప్పించడం. అలా చేస్తే సందర్శకుడి ఐపీ అడ్రస్ అతడి అనుమతి లేకుండా గూగుల్‌కు చేరుతుంది. ఫాంట్ ఫైళ్లను సొంత సర్వర్‌లో పెట్టుకుంటే తీరిపోయే పని అది. ఆ తీర్పు తర్వాత లాయర్ల నోటీసులు వేల సంఖ్యలో వెళ్లాయి, ఫాంట్లు మార్చిపెట్టే గిరాకీ చిన్న డిజైనర్లకు దొరికింది.

2025 జూన్ 28 నుంచి యూరప్‌లో ఆన్‌లైన్ దుకాణాలు, బ్యాంకుల వంటి సేవల సైట్లు దివ్యాంగులు వాడగలిగేలా ఉండటం చట్టరీత్యా తప్పనిసరి, మరీ చిన్న సంస్థలకు సేవల విషయంలో మినహాయింపు ఉంది. ఈ పని ఎంత సూక్ష్మంగా ఉంటుందో ఒక్క ఉదాహరణ చాలు. మామూలు పరిమాణం అక్షరాలకు, వెనకటి రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1 ఉండాలి. డిజైనర్లకు ఎంతో ఇష్టమైన బూడిదరంగు #777777ను తెల్లటి పేజీ మీద వాడితే ఆ నిష్పత్తి 4.48 వస్తుంది, ఫెయిల్. కాస్త ముదురుగా #767676 పెడితే 4.54, పాస్. రెంటికీ తేడా కంటికి ఆనదు. ఏటా పది లక్షల హోమ్ పేజీలను పరీక్షించే వెబ్‌ఎయిమ్ సంస్థకు 2025లో 94.8 శాతం పేజీల్లో ఇలాంటి తప్పులు దొరికాయి, వాటిలో అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఈ వెలిసిపోయిన అక్షరాల తప్పే. ఏఐ సాధనాలు నిమిషాల్లో పేజీలు తయారుచేస్తున్న ఈ రోజుల్లో జూనియర్ డిజైనర్‌కు తొలి మెట్టుగా ఉండే బ్యానర్లు, ల్యాండింగ్ పేజీల పని తరిగిపోతోంది. ఈ సరిచూసే పని మాత్రం పెరుగుతోంది, ఎందుకంటే ఆ సాధనాలు నేర్చుకున్నది ఆ 94.8 శాతం పేజీల నుంచే.

డబ్బు దగ్గరికి వస్తే ఇంట్లో కాగితం, పెన్ను తీసుకుని కూర్చోవలసిందే. 40 లక్షల లోను, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు రూ.55 వేల పైచిలుకు కిస్తీ. సొమ్ము మొత్తం విడుదలయ్యాక చదువుకునే కాలంలోనే ఏడాదికి రూ.4.4 లక్షల వడ్డీ ఎక్కుతుంది. అమెరికాలో ఈ కోవ ఉద్యోగాలకు మధ్యస్థ జీతం (సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ) 2024లో ఏడాదికి 95 వేల డాలర్ల చుట్టుపక్కల ఉంది. ఆ జీతం దొరికితే అప్పు బరువనిపించదు. దొరకక హైదరాబాద్ తిరిగొస్తే, కొత్త డిజైనర్‌కు ఇక్కడ వచ్చే జీతం ఆ కిస్తీని దాటడమే గగనం. పాత పన్ను విధానంలో ఉన్నవారికి విద్యారుణం వడ్డీ మీద ఎనిమిదేళ్లు ఆదాయపన్ను మినహాయింపు ఉంది, కొత్త విధానంలో అదీ లేదు. కోడ్ 50తో మొదలైన కోర్సుకు, ఏడాది ఓపీటీ నమ్ముకుని, ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకోవడం ఈ లెక్కల్లో ఏ వైపు నుంచి చూసినా నిలవదు.

ఇక్కడే చదివే దారి ఒకటుందని చాలామందికి ఆలస్యంగా గుర్తొస్తుంది. ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది, ఎం.డిజైన్ ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు సొంతంగా ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) ఉంది. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో ఫైన్ ఆర్ట్స్ కోర్సులున్నాయి. రెండు మూడేళ్లు ఇక్కడ పనిచేసి, అనుభవంతో వెళ్లినవారికి క్రిటీక్‌లో చెప్పడానికి సంగతులుంటాయి, జీతం స్థాయి పెరిగి లాటరీ చీట్లూ పెరుగుతాయి. ఐఐటీల్లో ఎం.డిజైన్‌కు రాసే సీడ్ పరీక్ష ఏటా జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకుముందు శీతకాలం మొదట్లోనే తెరుచుకుంటాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే ఫాల్ సీట్లకు విదేశీ యూనివర్సిటీలు పెట్టే గడువులూ చాలావరకు డిసెంబరు, జనవరి నెలల్లోనే పడతాయి. బస్సు టికెట్ పేజీ ఒక్కటి బాగా చేసి ఉంచుకుంటే ఆ చలికాలంలో రెండు తలుపులూ తట్టి చూడొచ్చు.